రెండు పేరుపలకలు

స్లేట్‌హిల్, పెన్సిల్వేనియా
1896 మార్చి 9

లెమ్యుయెల్ గాడిస్ గారికి,

మీరు నన్నెరగరు. ఫోర్ట్ ట్రెంబుల్ తపాలా ఆఫీసు ఆయన మీ పేరు ఇచ్చారు. కోట మూసేసి ఆరేళ్ళయినా, ఆ పక్కనే పొలం చేసుకుంటూ ఉండిపోయిన పాత గుర్రపు సిపాయి మీరొక్కరేనని, కోట శ్మశానం బాగోగులు ఎవరూ చెప్పకుండానే చూస్తున్నారని ఆయన రాశారు.

ఆ శ్మశానంలో మా అన్నయ్య ఎవన్ రీస్ ఉన్నాడు. మా నాన్నతో మాటా మాటా వచ్చి, పలకరాయి గనిలో ఉలి కింద పడేసి దండులో చేరాడు. 1880 ఫిబ్రవరిలో మంచుతుఫానులో పోయాడని కెప్టెన్‌గారు అప్పట్లో మూడు వరుసల ఉత్తరం రాశారు. అప్పుడు వాడికి ఇరవై మూడేళ్ళు.

పోయిన వారం దండు కచేరీ నుంచి కాగితం వచ్చింది. అక్కడి సమాధులన్నీ సెప్టెంబరు మొదటి తారీఖున తవ్వి, దూరాన ఉన్న ప్రభుత్వ శ్మశానానికి తరలిస్తారట. ఈలోగా అయినవాళ్ళు అడిగితే ఇస్తారట. మేము అడుగుతున్నాం. మా అమ్మకు డెబ్బై తొమ్మిది. చలికాలమంతా మంచం మీదే ఉంది. కొడుకు వచ్చి నాన్న పక్కన పడుకుంటే, ఆ తర్వాత తన సంగతి చూసుకుంటానంటోంది.

వాడి పేరుపలక ఇంకా నిలబడి ఉందా? అది వాడి సమాధే అని మీరు చూసి చెప్పగలరా? పెట్టెలో పెట్టి రైలెక్కించే ఏర్పాటు మీవల్ల అవుతుందా? ముక్కూమొహం తెలియని మనిషిని ఇంత అడుగుతున్నందుకు మన్నించండి.

టాబితా రీస్


విల్లో క్రీక్, వయోమింగ్
1896 ఏప్రిల్ 2

రీస్ గారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. వాగు మీద మంచు విరిగి నాలుగు రోజులైనా గాలి తగ్గలేదు. ఇంకో ఆవు ఈనాల్సి ఉంది.

ఎవన్ రీస్ అని రాసిన పలక నిలబడే ఉంది. అక్షరాలు కనిపిస్తున్నాయి. రెండేళ్ళకోసారి రంగు వేస్తాను.

అతన్ని దండువాళ్ళతో పోనివ్వడం మేలని నా అభిప్రాయం. ప్రభుత్వ శ్మశానంలో తెల్లరాయి వేస్తారు. చుట్టూ తోటి సిపాయిలు ఉంటారు. రైలు ప్రయాణం చాలా దూరం. మీ అమ్మగారి ఆరోగ్యం కుదుటపడాలని కోరుతున్నాను.

ఎల్. గాడిస్


స్లేట్‌హిల్
1896 ఏప్రిల్ 20

గాడిస్ గారికి,

మీ ఉత్తరంలో సగం వాతావరణం, మిగతా సగం సలహా. నేనడిగిన మూడు ప్రశ్నల్లో ఒకదానికే జవాబుంది. 'ఎవన్ రీస్ అని రాసిన పలక' ఉందన్నారు. అది మా అన్నయ్య సమాధి అని మాత్రం అనలేదు. మా చాపెల్ ఫాదరీ మీ ఉత్తరం చదివి, "పొదుపరి మనిషి" అన్నారు. అమ్మ మాత్రం మంచంలోంచే, "పొదుపు కాదు, ఏదో దాస్తున్నాడు. మీ నాన్న పెళ్ళికి ముందు రాసిన ఉత్తరాలు ఇలాగే ఉండేవి" అంది.

అన్నయ్య ఉత్తరాల కట్ట మొన్న విప్పాను. అందులో ఒక లెమ్ ఉన్నాడు. "నా పక్కవాడు లెమ్. చలికి ఇద్దరి కంబళ్ళూ కలిపి కప్పుకుంటాం. తెల్లారేసరికి రెండూ వాడి మీదే ఉంటాయి. అడిగితే, నిద్రలో చేసినదానికి మిసౌరీవాళ్ళు పూచీ పడరంటాడు" అని రాశాడు. మీ సొంత ఊరు మిసౌరీలో ఉందని తపాలా ఆయన రాశారు. ఆ లెమ్ మీరేనా?

మీరే అయితే ఇంత ముక్తసరిగా ఎందుకు రాశారో నాకు అర్థం కావడం లేదు. మూడేళ్ళు వాడి కంబళి కింద పడుకున్న మనిషి వాడు ఎలా పోయాడో ఒక్క ముక్క చెప్పకపోతే ఎలా? కెప్టెన్‌గారి మూడు వరుసలూ అమ్మకు కంఠస్థం. నాలుగో వరుస కోసం పదహారేళ్ళుగా చూస్తోంది.

ప్రభుత్వంవారి తెల్లరాయి మాకొద్దు. ఇది రాతి ఊరు. రాయి మా ఇంట్లోనే ఉంది. నాన్న పోయేముందు తన చేత్తో చదును చేసి, ఏమీ చెక్కకుండా గోడకు ఆనించి పోయాడు. అది ఎవరికని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

టాబితా


విల్లో క్రీక్
1896 మే 17

టాబితా గారికి,

ఆ లెమ్ నేనే. కంబళి సంగతి నిజమే.

రోజుకొక వాక్యం రాసి పెట్టుకునే అలవాటు 1881 నుంచి ఉంది. అంతకు ముందువి జ్ఞాపకం మీద రాస్తున్నాను. తప్పుంటే నాది.

ఫిబ్రవరి పదో తారీఖున తపాలా బండికి కాపలాగా ఇద్దరు వెళ్ళాలి. మీ అన్నకూ నాడాలు కొట్టే క్లింగ్‌కూ వంతు వచ్చింది. ఓటో క్లింగ్ జర్మనీవాడు, ఆరడుగుల మనిషి, నలభై దాటినవాడు. అయినవాళ్ళు ఉన్నట్టు ఎప్పుడూ చెప్పలేదు. పొద్దున ఎండ బాగానే ఉంది. మీ అన్న గుర్రానికి జీను బిగిస్తూ, తిరిగొచ్చేసరికి పొయ్యిమీద బీన్స్ మిగల్చకపోతే నా బూట్లు అమ్మేస్తానన్నాడు. మధ్యాహ్నానికి ఉత్తరం వైపు ఆకాశం మూసుకుపోయింది. మూడు గంటలకు గుర్రాలశాల నుంచి వంటశాల కనపడలేదు. బండివాడు మాత్రం కంచరగాడిద తోక పట్టుకుని తిరిగొచ్చాడు. మీ అన్న గుర్రం కాలు విరిగిందనీ, క్లింగ్ అతన్ని వదిలి రానన్నాడనీ చెప్పాడు.

రెండు రోజులకు తుఫాను తగ్గింది. వెతకడానికి వెళ్ళినవాళ్ళలో నేనున్నాను. వాగు గట్టు కింద ఇద్దరూ ఒక్కచోటే కూర్చుని ఉన్నారు. క్లింగ్ తన పెద్దకోటు తీసి ఇద్దరికీ కలిపి చుట్టాడు. మీ అన్న మొహం మామూలుగానే ఉంది. నొప్పిపడ్డ గుర్తు లేదు. మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి. ఇది నేను కళ్ళారా చూశాను.

నేల ఇనుములా ఉంది. కట్టెలు పేర్చి మూడు రోజులు మంటపెట్టి, మెత్తబడ్డంత మేరకు తవ్వారు. చలికి ట్రంపెట్‌లో ఊపిరి గడ్డకట్టి పాట పలకలేదు. ఆ రోజు కాపలా దళానికి నేను కార్పొరల్‌ని. కాపలా కార్పొరల్ చోటు వదలకూడదు. అందుకని పెట్టెలు దించేటప్పుడు నేను లేను.

మీరు ఎలాగూ వద్దన్నా వినరని అర్థమైంది. పెట్టె చేయించి పంపుతాను.

లెమ్ గాడిస్


స్లేట్‌హిల్
1896 జూన్ 8

గాడిస్ గారికి,

మీ ఉత్తరం అమ్మకు మూడుసార్లు చదివాను. కోటు దగ్గరకు వచ్చినప్పుడల్లా చెయ్యి ఎత్తి ఆపమంది. మూడోసారి, "ఆ జర్మనీవాడిని కన్నతల్లి ఎవరో" అంది. అంతే.

ఆ మర్నాడు తనంతట తాను లేచి కుర్చీలో కూర్చుంది. ఏమ్మా, ఎందుకు లేచావంటే, "పంతొమ్మిదేళ్ళకు ఇంటికి వస్తున్నాడు. గుమ్మంలో నిలబడి తిట్టడానికైనా నేనుండొద్దూ?" అంటోంది. చాపెల్ పాటగాళ్ళు సాధన మొదలెట్టారు. నాన్న పక్క చోటు కొలిచి తాడు కట్టారు. గోడకు ఆనించిన రాయి బయటికి తెచ్చి కడిగాం.

ఒకటే పని మిగిలింది. ఇక్కడి అధికారి ఒక కాగితం కావాలన్నాడు. పెట్టెలో ఉన్నది ఎవన్ రీసేనని, ఆయన్ను స్వయంగా ఎరిగిన మనిషి న్యాయాధికారి ముందు బైబిలు మీద చెయ్యి వేసి చెప్పి సంతకం చేయాలట. నమూనా ఈ ఉత్తరంతో పెట్టాను. మీకు అది ఐదు నిమిషాల పని.

మీరు చేస్తున్న మేలు ఈ ఇల్లు మరచిపోదు.

టాబితా


విల్లో క్రీక్
1896 జూలై 12

టాబితా గారికి,

కాగితం పట్టుకుని జూన్ ఇరవై ఆరున పట్నం వెళ్ళాను. న్యాయాధికారి నాకు తెలిసినవాడే. "నువ్వు బడి కమిటీ పెద్దవి, నీకు ప్రమాణాలెందుకయ్యా, సంతకం పెట్టి పో" అన్నాడు. కలం తీసుకున్నాను. పెట్టలేకపోయాను. గుర్రానికి నాడా ఊడిందని చెప్పి వచ్చేశాను. ఊడలేదు.

తర్వాత పదహారు రోజులు ఈ ఉత్తరం రాయకుండా గడిపాను. గడ్డికోత ఉంది. అది సాకు.

ఈమధ్యలో ఒకటి జరిగింది. ఏటా వేసవిలో విండ్ రివర్ రిజర్వు నుంచి అరాపాహో తెగ ముసలావిడ ఒకామె కూతురితో వస్తుంది. తెగ మీద సర్కారు పెట్టిన ఏజెంటు ఇచ్చిన అనుమతి కాగితం తెచ్చుకుంటుంది. గుట్ట మీద వాళ్ళ సమాధులుండేవి, పైన రాళ్ళు పేర్చి. కోట కట్టిన ఏడాది ఆ రాళ్ళు గుర్రాలశాల పునాదికి తెమ్మన్నారు. మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇన్నేళ్ళూ ఆమె వచ్చినప్పుడు నీళ్ళూ పాలూ ఇచ్చి పొలంలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఈసారి వెళ్ళలేదు. రాళ్ళు మోసింది నేనేనని చెప్పాను. కూతురు మా భాష మిషన్ బడిలో నేర్చింది, తల్లికి చెప్పింది. ఏ రాయి ఎక్కడిదో గుర్తుందా అని ముసలావిడ అడిగింది. గుర్తు లేదన్నాను. ఆమె గుర్రాలశాల గోడ వైపు తిరిగి ఏదో అంది. కూతురు నా వైపు చూడకుండా చెప్పింది: "మిగతావాళ్ళు మాకు తెలియదంటారు. నువ్వు గుర్తు లేదన్నావు. అది వేరే మాట అంటోంది మా అమ్మ."

ఆమె నన్ను క్షమించలేదు. నేనూ అడగలేదు. కానీ ఒకటి చెప్పినవాడు రెండోది దాచుకోలేడు. ఆ రెండోది మీది.

దండులో చేరినప్పుడు నాకు చదువు రాదు. పేరు మాత్రం బొమ్మలా గీసేవాణ్ణి. మీ అన్నకొక్కడికే తెలుసు. ఇంటికి నా ఉత్తరాలు అతనే రాసేవాడు. నేను మూడు ముక్కలు చెబితే మూడు పేజీలు చేసేవాడు. "ఒరేయ్ లెమ్, నువ్వు ఇంత బాగా మాట్లాడతావని మీ అమ్మకు ఇన్నాళ్ళూ తెలియనేలేదు చూడు" అని నవ్వేవాడు.

1880 జనవరిలో నన్ను కార్పొరల్ చేశారు. చదవడం వచ్చా అని ఫస్ట్ సార్జెంట్ మెల్చర్ అడిగితే వచ్చన్నాను. రాదంటే చొక్కా చేతి మీది ఆ హోదా పట్టీలు ఇంకొకడికి పోతాయి. కార్పొరల్ పొద్దున హాజరు చదవాలి. నలభై ఒక్క పేర్లు వరసగా మీ అన్న నాకు గుర్రాలశాలలో వల్లెవేయించాడు. కాగితం చేతిలో పట్టుకుని, కళ్ళు కిందికి దించి, జ్ఞాపకం మీద చెప్పేవాణ్ణి. తపాలా కాపలా ఎవరిదో రాసిన చీటీ ఇస్తే, అదీ అతనికే చూపించాను. అతనే చదివాడు. "రీస్, క్లింగ్. బాగుంది, ముందు నా పేరే" అన్నాడు.

పూడ్చిన సాయంత్రం నేను కాపలా దిగాక, మెల్చర్ రెండు పేరుపలకలు నా చేతికిచ్చి పాతి రమ్మన్నాడు. "పైది వాగు వైపుది, కిందది గుట్ట వైపుది" అన్నాడు. గాలికి గుర్రం బెదిరింది. పలకలు రెండూ మంచులో పడ్డాయి. చదవడం వచ్చినవాడు వాటిని తీసుకుని మంచు దులిపి వెళ్ళేవాడు, పడిన సంగతి కూడా మరచిపోయేవాడు. నాకు ఏది పైదో తెలియలేదు. ఇన్నాళ్ళూ చదివిపెట్టినవాడు ఆ రెండు గుంతల్లో ఒకదానిలో ఉన్నాడు. వెనక్కి వెళ్ళి అడిగి ఉండాల్సింది. అడగలేదు. తోచినట్టు పాతాను. నేల గట్టిగా ఉందని నాడాలకొట్టు దగ్గర పారేసిన విరిగిన నాడాలు తెచ్చి, రెండు పలకల మొదళ్ళలో కూరాను.

మర్నాడు పొద్దున హాజరు, వాళ్ళు పోయాక నాకొచ్చిన మొదటి వంతు. క్లింగ్ దగ్గర జాగ్రత్తపడి దాటేశాను. దాటగలిగానని ధైర్యం వచ్చింది. క్విన్ తర్వాత నోరు దానంతట అదే "రీస్" అనేసింది. మెల్చర్ వచ్చి నా చేతిలో కాగితం తీసుకుని చూశాడు. రెండు పేర్లూ మందంగా సిరా గీసి కొట్టేసి ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. "మిగతాది నేను చదువుతాను" అన్నాడు. స్నేహితుడు పోయిన బాధ అనుకున్నారందరూ. బాధ కూడా.

ఏడాదిలో అక్షరాలు నేర్చుకున్నాను. మొదట చదివింది ఆ రెండు పలకలే. వాగు వైపు ఎవన్ రీస్, గుట్ట వైపు ఓటో క్లింగ్. చదవగలిగాను కానీ, అవి నిజమో కాదో తెలుసుకోలేకపోయాను. ఇప్పటికీ తెలియదు. నిజం కావడానికి ఎంత అవకాశమో, కాకపోవడానికీ అంతే. కాలం తీరి దండు వదిలాక, మంచి నేలలు ఇంకెక్కడో ఉన్నా ఇక్కడే ఎందుకు ఆగానో చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాలేదు.

సమాధులు తెరిస్తే తేలుతుంది. క్లింగ్ చాలా పొడుగు. మీ అన్న నా భుజం దాకా వచ్చేవాడు. కానీ రెండూ తెరవాలి. మీ అమ్మగారు ఒప్పుకోకుండా పార ముట్టను. ఒప్పుకుంటే దండు అధికారికీ న్యాయాధికారికీ ఇదంతా ముందే చెబుతాను.

లెమ్యుయెల్ గాడిస్


స్లేట్‌హిల్
1896 జూలై 27

గాడిస్ గారికి,

మీరు నోరు మూసుకుని సంతకం పెట్టి ఉంటే మాకు ఎవరో ఒకరు వచ్చి ఉండేవారు. మేము ఏడ్చి, పూడ్చి, పాట పాడి, ప్రశాంతంగా ఉండేవాళ్ళం. ఇది మొదట అనుకున్నమాట. దాచకుండా రాస్తున్నాను, మీరు దాచలేదు కనక.

రెండు రోజులు అమ్మకు చెప్పలేదు. ఉత్తరం వచ్చిందని పోస్టుమాన్ ముందే అరిచి చెప్పాడు కాబట్టి దాచడమూ కుదరలేదు. చదివాను. హాజరు దగ్గర నేను కాగితం కింద పెట్టేసి, మళ్ళీ తీసుకున్నాను. అమ్మ మాత్రం తొణకలేదు. అంతా విని, "నా కొడుకు వల్లెవేయించాడా వాడికి?" అని అడిగింది. అవునన్నాను. "ఇంట్లో చెల్లెలికి ఎక్కాలు చెప్పమంటే పారిపోయేవాడు" అంది.

ఇంకా కోపంగానే ఉన్న నన్ను చూసి ఇలా అంది, నేను మాట మార్చకుండా రాస్తున్నాను: "ఒసేయ్, పార నా కొడుక్కి నొప్పి చెయ్యదు. తప్పుడు పేరు కింద ఉండటం చేస్తుంది. ఆ రెండో బిడ్డకీ అంతే. రెండూ తెరవమను. త్వరగా తెరవమను, నాకు టైము లేదు."

అది అమ్మ మాట. నా మాట ఇంకా తయారవలేదు.

టాబితా రీస్


విల్లో క్రీక్
1896 ఆగస్టు 19

టాబితా గారికి,

నిన్న పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాం. దండు లెఫ్టినెంట్, న్యాయాధికారి, ఇద్దరు కూలీలు, నేను. మీకు రాసినదంతా వాళ్ళిద్దరికీ ముందే చెప్పాను. బడి కమిటీకి కూడా చెప్పాను. ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. న్యాయాధికారి మాత్రం, "నాడా ఊడలేదన్నమాట" అన్నాడు.

ముందు వాగు వైపుది తెరిచాం. నేల పొడి. పెట్టె కూలింది కానీ లోపల చెదరలేదు. చిన్న మనిషి. నీలం చొక్కా, పలచటి గోధుమరంగు జుట్టు. మీ అన్న. గుట్ట వైపు తెరిచాం. కాళ్ళు పెట్టె చివర దాకా ఉన్నాయి. క్లింగ్.

పలకలు సరిగ్గానే ఉన్నాయి. పదహారేళ్ళూ సరిగ్గానే ఉన్నాయి.

కాసేపు గుంత అంచున కూర్చున్నాను. తోచినట్టు పాతినా సరిగ్గానే పాతానని అనుకున్నాను. నేను మీకు అంతా రాయకపోయినా, కళ్ళు మూసుకుని సంతకం పెట్టినా, మీకు మీ అన్నే వచ్చి ఉండేవాడు. మిమ్మల్ని ఊరికే ఏడిపించానని అనుకున్నాను.

అప్పుడు కూలీ పలకలు పెరికాడు. మొదళ్ళలో విరిగిన నాడాలు లేవు. వాగు రాళ్ళు కూరి ఉన్నాయి, గట్టిగా, వరసగా. నేను రాళ్ళు పెట్టలేదు. పక్కన జానెడు దూరంలో మట్టిలో నా నాడాలు దొరికాయి, రెండు వైపులా, పారేసినట్టు. అంటే నేను పాతాక ఎవరో రెండు పలకలూ పీకి, అటుది ఇటు, ఇటుది అటు మార్చి, మళ్ళీ పాతారు. నేను తప్పే పాతాను. ఇంకొకరు దిద్దారు.

పలకలు నా చేతికిచ్చి, ఏది ఎటో చెప్పినవాడు మెల్చర్ ఒక్కడే. హాజరు కాగితం నా చేతిలోంచి తీసుకుని, కొట్టేసిన పేరు నేను చదివానని చూశాడు. చూసినవాడికి నేను చదవడం లేదని తెలిసిపోయి ఉంటుంది. నేను చదవలేనని తెలిస్తే, ముందురోజు పలకలు ఎలా పాతానన్నది తర్వాతి ప్రశ్న. గడ్డకట్టిన నేలలో, ఒక్కడే వెళ్ళి చేసి ఉంటాడు. ఎప్పుడు వెళ్ళాడో తెలియదు.

నాకేమీ చెప్పలేదు. పట్టీలు పీకలేదు. ఆ రోజు నుంచి హాజరు తానే చదివేవాడు, గొంతు బాగుండాలంటే పొద్దున్నే వాడాలని సాకు చెప్పేవాడు. నా మీద కోపమేమో అనుకునేవాణ్ణి. అతను 1886లో అరిజోనాలో జ్వరంతో పోయాడు. ఒక్క మాట చెప్పి ఉంటే ఇన్నేళ్ళు ఈ బరువు ఉండేది కాదు. ఆ మాట చెప్పి ఉంటే నా పరువు ఉండేది కాదు. అతను రెండోదాన్ని కాపాడాడు. అతని మీద కృతజ్ఞత ఉంది, కోపమూ ఉంది. ఏది ఎక్కువో రాయలేను.

న్యాయాధికారి ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాను. కాగితం దీంతో ఉంది. పెట్టె పైన్ చెక్కతో నేనే చేశాను. రేపు బండి మీద స్టేషనుకు తీసుకెళ్తాను, ఇరవై ఒకటిన రైలెక్కిస్తాను. క్లింగ్ తన పేరుతో దండువాళ్ళతో వెళ్తాడు.

లెమ్ గాడిస్


స్లేట్‌హిల్
1896 సెప్టెంబరు 3

లెమ్ గారికి,

అన్నయ్య ఇంటికి వచ్చాడు. అమ్మ గుమ్మంలో నిలబడింది, నేనూ మా మేనమామా చెరో రెక్కా పట్టుకుంటే. తిట్టలేదు. పెట్టె మీద చెయ్యి పెట్టి, "సన్నబడ్డావురా" అంది. పాటగాళ్ళలో ఒకడు నవ్వాడు, వెంటనే ఏడ్చాడు.

నాన్న రాయి మీద వాడి పేరు మా మేనమామ చెక్కాడు. చెక్కే ముందు కాగితం మీద రాసి, నాతో చదివించి, అమ్మతో చదివించి, ఫాదరీతో చదివించాడు. "ఈ కుటుంబంలో పేరు తప్పు పడకూడదు" అన్నాడు.

మీరు ఊరికే ఏడిపించలేదు. మీరు రాయకపోయినా మాకు వాడే వచ్చేవాడు, నిజమే. కానీ కోటు చుట్టినవాడు ఎవరో, కాగితం తీసుకున్నవాడు ఎవరో తెలియకుండా వచ్చేవాడు. అది నా మాట. ఇప్పటికి తయారైంది.

అమ్మ ఇంకోటి అడగమంది. ఇన్ని ఉత్తరాలు రాశారు, మీ గురించి ఒక్క ముక్క లేదు. మీ వయసెంత, ఏం తింటారు, ఇంట్లో ఎవరున్నారు, చొక్కా చిరిగితే ఎవరు కుడతారు? అమ్మకు మళ్ళీ నీరసంగా ఉంది. "ఆలస్యం చెయ్యొద్దను, వాతావరణం వద్దను" అంటోంది.

టాబితా


విల్లో క్రీక్
1896 సెప్టెంబరు 14

టాబితా గారికి,

ఇది మీ అమ్మగారికి. లోపల వేరే మడిచి పెట్టాను. ముందు చదివి వినిపించవద్దు. ముందు ఆవిడ చేతికి ఇవ్వండి. కళ్ళు ఆనకపోయినా పర్వాలేదు.

*

అమ్మా,

నాకు నలభై ఆరేళ్ళు. పెళ్ళి కాలేదు. ఒకసారి అయ్యేదే, నేను అడగడం ఆలస్యమైంది. మొక్కజొన్నరొట్టె, బీన్స్, ఉప్పుమాంసం తింటాను. ఆదివారం కోడి. చొక్కా నేనే కుట్టుకుంటాను, కుట్లు పెద్దవిగా పడతాయి. ఎడమ చెవి సరిగా వినపడదు. పదకొండు ఆవులున్నాయి. ఒక ముసలి గుర్రం ఉంది, దండుదే, పనికిరాదని వేలం వేస్తే తెచ్చుకున్నాను. దాని పేరు డచెస్. దానికీ ఒక చెవి వినపడదు, అందుకని ఇద్దరం గట్టిగానే మాట్లాడుకుంటాం.

మా అమ్మ మిసౌరీలో 1880 మార్చిలో పోయింది. ఎవన్ రాసిన ఉత్తరాలన్నీ దిండు కింద పెట్టుకునేదని మా చెల్లెలు చెప్పింది. కొడుకు చేతిరాత ఎంత అందంగా ఉందో చూడమని ఊరంతా చూపించేదట. నేను రాయడం నేర్చుకునేసరికి ఆమె లేదు.

ఇది నా చేతిరాత. కొంచెం వంకరగా ఉంటుంది.

లెమ్